ఆయ్ అన్నాక

గాలి లేదు, చెట్టు ఊగడం లేదు, ఊగుతున్నది తన తలే అని ఇశ్రాయేలుకి తెలుస్తూనే ఉంది. అయినా రెండు చేతులతో చెరో మట్ట మొదలూ గట్టిగా పట్టుకుని, చెట్టు తల మీది మొవ్వుకి ఛాతీ ఆనించి, కళ్ళు మూసుకుని కూచున్నాడు. పాదాలకున్న తాడు బందం ఇంకా అలాగే ఉంది. కత్తి నడుము వెనక ఉంది, దాన్ని తియ్యాలంటే ఒక చెయ్యి వదలాలి, ఆ వదలడం ఇప్పట్లో అయ్యే పని కాదు. కళ్ళు తెరిస్తే కింద యజ్ఞనారాయణ గారి కొబ్బరి తోటంతా ఒక పక్కకి ఒరిగిపోతోంది, కాలవ కాస్తా నిలువుగా లేచి నిలబడుతోంది. ఇలా అవడం ఇది మొదటిసారి కాదు. పోయిన దింపులో, కాయలు కొయ్యడానికి ఎక్కినప్పుడే, ఒకసారి అయింది, అప్పుడు సగం చెట్టు మీద ఉండగానే సర్దుకుంది. పొలం గట్టు మీద ఒకసారి అయింది, చుట్ట ముట్టించుకుంటున్నట్టు కూలబడి సరిపెట్టేశాడు. పెళ్ళాం సుగుణకి చెప్పలేదు, పిల్లకి చెప్పలేదు. చెట్టెక్కేవాడికి తల తిరుగుతోందన్న మాట ఒక్క చెవిన పడితే చాలు, సాయంత్రానికి ఉప్పలగుప్తం దాకా పాకిపోతుంది. మర్నాటికి ఈ తోట ఇంకొకడిది అయిపోతుంది. దింపు పనిలో ఉన్న కట్టుబాటే అది, ఒక తోట ఒక మనిషిది, తండ్రి తరవాత కొడుకుది, ఒక్క దింపు తప్పిందంటే మాత్రం ఎవడు ముందు ఎక్కితే వాడిది.

కాసేపు ఆగితే తగ్గుతుంది, తగ్గకేం చేస్తుంది, పొద్దున్న తిన్నది ఏముంది కనక, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసుకుని ఉల్లిపాయ నంజుకున్నాడు, అదీ సగం కూతురు పుష్ప కంచంలోకి తోసేశాడు. ఆకలి వల్లేనేమో. కాదు, ఆకలైతే చిన్నప్పట్నించీ ఉంది, అప్పుడెప్పుడూ తల తిరగలేదు. నలభై దాటితే చాలు దింపు మనిషి ముసలివాడి కిందే లెక్క అని అమ్మ అనేది. బడిపంతులు నలభైలో పడుచువాడు, వాడికి అప్పుడే ప్రమోషనూ అదీ వస్తుంది, చెట్టెక్కేవాడికేమో అప్పటికి మోకాళ్ళు అరిగిపోయి, ఛాతీ మీద చర్మం చెట్టు బెరడులా తయారై కూచుంటుంది. ఇంకా పని చెయ్యాల్సిన వయసే, పని చేయించుకునేవాళ్ళే ఉండరు. కింద నుంచి యజ్ఞనారాయణ గారి గొంతు వినిపించింది.

"ఏరా ఇశ్రాయేలూ, గెల పడదేంరా? నిద్రోయావా?"

"లేదండి అయ్యగారు. మొవ్వులో కొమ్ము పురుగు పడ్డట్టుందండి. చూత్తన్నానండి."

"చూడు, చూడు. తొందరపడకు. జాగ్రత్తగా తీయి, మొవ్వు దెబ్బ తినకుండా." ఆయన గొంతులో ఎంత కంగారో. పురుగు మీద పెట్టిన ఆ కంగారులో పిసరంత మనిషి మీద పెట్టినా బాగుండునని ఒక క్షణం అనిపించింది, వెంటనే పాపం అనిపించింది కూడా. ఆయన చెడ్డవాడేం కాదు. వేదం చదువుకున్న ఇంటి మనిషి, నోరు పారేసుకోడు, పండగకి పాత పంచె ఇస్తాడు, కూలి ఆపడు. మడత కుర్చీ వేసుకుని నీడలో కూచుని చెట్టుకో గెల చొప్పున పైకి చూస్తూ ఉంటాడు, అంతే. ఆయన తండ్రి కూడా అలాగే కూచునేవాడు. అప్పుడు పైన ఉన్నది నాన్న, గంగయ్య.

నాన్న పడింది ఈ చెట్టు మీంచి కాదు, కాలవ గట్టు వైపు చెట్టు, అది తరవాత తుఫానులో పోయింది. అప్పుడు తను మిషన్ బళ్ళో ఎనిమిదో తరగతి. లెక్కల మేష్టారు బోర్డు మీద ఏదో గీస్తుండగా గుమ్మంలో పిన్ని వచ్చి నిలబడింది. పలక కాదు, అప్పటికి పుస్తకాలే, ఆ పుస్తకాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ తెచ్చుకోడానికి వెళ్ళలేదు. నాన్న వెంటనే పోయినా ఒక రకంగా ఉండేదేమో. పోలేదు, నడుం పడిపోయి మంచం మీద చాన్నాళ్ళు ఉన్నాడు. తోట పోకూడదని ఆ మంచం మీంచే, "ఈ దింపుకి నువ్వెక్కాలిరా, లేకపోతే కొండయ్య ఎక్కేత్తాడు," అన్నాడు. కొండయ్యదీ దింపు పనే, వాడికి కూడా తోట కావాలి మరి, వాడికీ పిల్లలున్నారు. తను ఎక్కాడు. పైన కూచుని ఏడ్చాడు, కిందివాళ్ళకి వినపడకుండా. బళ్ళో తన పక్కన కూచున్న యాకోబు ఆగలేదు, వాళ్ళ నాన్న చెట్టు మీంచి పడలేదు కాబట్టి. యాకోబు ఇప్పుడు అదే బళ్ళో మేష్టారు. ఎదురైతే సైకిలు దిగి మాట్లాడతాడు, మంచివాడే, కానీ ఆ సైకిలు దిగడం చూస్తే ఇశ్రాయేలుకి ఎందుకో మనసు చివుక్కుమంటుంది.

ఒక కన్ను తెరిచి చూశాడు. తోట కొంచెం నిదానించింది. అవతల ఓడలరేవు వైపు ఆకాశం తెల్లగా ఉంది, ఇవతల అమలాపురం రోడ్డు, రోడ్డు వెంట కరెంటు స్తంభాలు, స్తంభాల మధ్య తీగలు. ఇంత ఎత్తునుంచి చూస్తే స్తంభం ఎంత పొట్టిది. దాన్నెక్కడం ఒక ఎక్కడమా? ఆ మాట అప్పుడే అనుకున్నాడు, డెబ్బై రెండులో. ఊళ్ళకి తీగలు లాగుతున్నారు, స్తంభాలెక్కే కుర్రాళ్ళు కావాలి, నెల జీతం, అమలాపురం వచ్చి కనపడమన్నారు. దింపు మనుషులం మనకంటే ఎవడెక్కుతాడ్రా అని దానం, తనూ కలిసి వెళ్ళారు. ఒకే పేట, ఒకే వయసు. దారంతా నవ్వుకుంటూనే వెళ్ళారు. తను పెళ్ళికి కొన్న చొక్కా వేసుకున్నాడు.

ఆ ఇంజనీరు గారు ఈ పక్క మనిషి కాదు. ఎక్కడో కడప అవతల నుంచి బదిలీ మీద వచ్చాడట. కోనసీమలో ఆయ్ అన్న మాటకి ఉన్న మర్యాద ఆయనకేం తెలుసు? ఇక్కడ పెద్దమనిషి మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడు ఆయ్, ఆయ్ అంటూనే ఉండాలి. ఔనని కాదు. వింటున్నానండి, మీరు చెప్పండి, అని. ఆయన ముగించాక అప్పుడు చెప్పుకోవాలి మన మాట. మధ్యలో నోరు పెడితే ఎవరి పెంపకంరా వీడు అంటారు. తల్లి పొట్టలోనే నేర్చుకుని పుట్టినట్టు నేర్చుకున్న మర్యాద అది. ఇంజనీరు కాయితంలోంచి తల ఎత్తకుండానే అడిగాడు, "చెట్లు ఎక్కుతావంట. మంచిది. కానీ పని ఎక్కడ పడితే అక్కడ ఉంటాది. పెళ్ళయినవాడివి. ఇల్లు వదిలి రాలేవు కదా?"

"ఆయ్," అన్నాడు ఇశ్రాయేలు. వింటున్నానండి అని. ఆయన ఇంకేదో అంటాడు, అది అయ్యాక, ఎక్కడికైనా వస్తానండి, మా అమ్మ ఉంది చూసుకోడానికి అని చెప్దామని, చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆయన ఏదో రాసుకుని, "ఇంకొకర్ని పిలువు," అన్నాడు. అయిపోయింది. ఆ తరవాత దానం వెళ్ళాడు. వాడు ముందునుంచీ నోటి దురుసువాడు, పెద్దల మాటకి అడ్డొస్తాడని పేటంతా తిట్టేది. ఇంజనీరు ప్రశ్న సగంలో ఉండగానే, "లంకకైనా వత్తానండి, తీగ చూపించండి," అన్నాడట. నవ్వి తీసేసుకున్నారు వాణ్ణి.

సాయంత్రం గుమాస్తా, ఆయన అమలాపురం మనిషే, పేర్లు చదివాక తను అడిగితే, "నువ్వు ఊరొదిలి రానన్నావంటగా అబ్బాయ్," అన్నాడు. నేనలా అనలేదండి, అన్నాడు తను. "ఆయ్ అన్నావంటగా." ఆ గుమాస్తాకి అర్థమైంది, మొహంలో తెలిసింది, ఆయన కూడా ఆయ్ అనే ఊరివాడే కదా. "వెళ్ళి చెప్పుకో, ఆ గదిలోనే ఉన్నారు," అని తలుపు చూపించాడు కూడా. ఆ తలుపు దాకా వెళ్ళాడు ఇశ్రాయేలు. దాని ముందు నిలబడ్డాడు. లోపలికి పోయి అంత పెద్ద ఆఫీసరుతో మీరు తప్పు విన్నారండి అని చెప్పడానికి మాటలు కూడబలుక్కున్నాడు. ఎలా కూర్చినా ఆయన్ని తప్పు పట్టినట్టే వస్తోంది. చీకటి పడేవరకూ కూర్చుకుంటూనే ఉన్నాడు. ఇంజనీరు జీపెక్కి వెళ్ళిపోతూ తన వైపు చూసి తల ఊపాడు కూడా, నమస్కారం పెట్టినందుకు.

ఎన్నిసార్లు తలుచుకున్నాడో ఆ మాట. చెట్టు చెట్టుకీ తలుచుకున్నాడు. దానం ఇప్పుడు కొత్తపేటలో లైన్‌మ్యాన్, ఖాకీ బట్టలు, వాన కురిసినా ఎండ కాసినా ఒకటో తారీఖున జీతం, జ్వరం వస్తే సెలవు, పడిపోతే ఆస్పత్రి. వాడికీ మోకాళ్ళు అరుగుతాయి, కానీ అరిగిన మోకాళ్ళకి కూర్చునే పని ఇస్తారు. ఒక్క మాట. ఒకే ఒక్క మాట, అదీ మర్యాదగా అన్నందుకు. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాడు, అలా అనుకుంటే ఒక సుఖం ఉంది, కష్టానికంతటికీ పేరూ ఊరూ ఉన్న కారణం ఒకటి దొరుకుతుంది. కానీ ఇలా పైన, కళ్ళు తిరుగుతూ, చేతులు వదిలితే నాన్న దగ్గరికే పోతానని తెలిసి కూచున్నప్పుడు అబద్ధాలు నిలవవు. ఆ రోజు నువ్వన్న ఆయ్ వింటున్నానండి అనేనా, ఇశ్రాయేలూ? ఇంట్లో సుగుణకి నెలలు నిండాయి. అమ్మకి చూపు ఆనడం లేదు. ఇద్దరు చెల్లెళ్ళకి ఇంకా పెళ్ళిళ్ళు కాలేదు. నువ్వు తాడేపల్లిగూడెమో ఏలూరో పోతే ఈ దింపు కొండయ్యది అయిపోతుంది, అక్కడ పని కుదరకపోతే ఇక్కడికి తిరిగి రావడానికి తోట ఉండదు. ఆ తలుపు ముందు చీకటి పడేదాకా నిలబడ్డది మర్యాద వల్లేనా, భయం వల్ల కాదూ? భయపడ్డాడనే అనుకుందాం. సొంత సెంటు భూమి లేనివాడు భయపడక ఇంకేం చేస్తాడు. చేతిలో ఉన్నది జారిపోతే పట్టుకోడానికి ఇంకోటి లేనివాడి ధైర్యం ఎంతని.

సుగుణకి ఈ కథంతా చెప్పినప్పుడు ఆమె కొబ్బరి పీచు నానబెడుతూ, "ఆ మాట కాకపోతే ఇంకోటి అడ్డొచ్చేదిలే ఏవయ్యా," అంది. అప్పుడు కోపం వచ్చింది. ఆమె మాట నిజమేనేమో. ఎవరిని అడిగినా ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు తమ పేదరికానికి, అడక్కపోయినా చెబుతారు. చర్చిలో పాస్టరు గారు తాగుడు అంటారు. నిజమే, వానల్లో చెట్లు జారుతాయి, పని ఉండదు, ఆ రోజుల్లో కల్లు పాకలోకి వెళ్ళిన మాట నిజమే. పని లేని రోజునే తాగాడు, పని ఉన్న రోజు తాగి ఎక్కితే దిగలేడని తెలుసు. యజ్ఞనారాయణ గారు, మీవాళ్ళకి రేపు అన్న ఆలోచన ఉండదురా అంటారు. రేపు అన్న ఆలోచన ఉండే కదా ఇవాళ తల తిరుగుతున్నా పైకెక్కింది. యాకోబు మేష్టారు చదువు అంటాడు. దానం నోరు అంటాడు, నోరుంటే బతుకుతావురా అంటాడు. అందరూ ఒక్కో ముక్క పట్టుకున్నారు, ఎవరిదీ అబద్ధం కాదు. నాన్న పడకపోతే బడి ఉండేది. బడి ఉంటే చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకి ఇల్లు తాకట్టు పడేది కాదు. ఇల్లు చేతిలో ఉంటే, సుగుణ ఆ పీచు దుమ్ములో ఆయాసం తెచ్చుకునే పనికి వెళ్ళేది కాదు. ఆ ఆయాసం లేకపోతే ఇవాళ కింద కాయలు పోగెయ్యడానికి ఆమె వచ్చేది. పుష్ప వచ్చేది కాదు.

పుష్ప. పుష్పలత. పదిహేడేళ్ళ పిల్ల, అమలాపురంలో ఇంటరు రెండో సంవత్సరం. పేటలో ఇంటరు దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఏం కాదు, ఇప్పుడు చాలామంది చదువుతున్నారు, నర్సులూ టీచర్లూ అయినవాళ్ళున్నారు, పేటలో సగం ఇళ్ళకి పెంకులు వచ్చింది అలాగే. తన ఇల్లు మిగతా సగంలో ఉండిపోయింది, ఇక ఆ పిల్లతో దాటాలి. ఇవాళ కాలేజీకి సెలవట, కాయలు పోగెయ్యడానికి నేనొస్తా నాన్నా అంది. మార్చిలో పరీక్షలు. ఆ తరవాత కాకినాడలో నర్సు ట్రైనింగు, హాస్టలు వాళ్ళే ఇస్తారట, యాకోబు మేష్టారు కనుక్కున్నాడు. అంటే మార్చి దాకా. ఇంకో రెండు మూడు దింపులు. ఈ తల తిరుగుడు సంగతి మార్చి దాకా ఎవరికీ తెలియకూడదు, అంతే కావాల్సింది. పడకూడదు, తెలియకూడదు. నాన్న మంచం మీంచి తనని చెట్టెక్కమన్నాడు. తను పడితే పుష్పని ఏం చెయ్యమంటాడు? ఆడపిల్ల చెట్టెక్కదు, పీచు దుమ్ములోకి పోతుంది, వాళ్ళమ్మ కూచున్న చోటే కూచుంటుంది. లేదు. నిదానంగా ఎక్కుదాం, ఎక్కాక కాసేపు పురుగుందని చెప్దాం, ఎన్ని చెట్లకి చెబితే ఏం, పురుగులకేం తక్కువ ఈ తోటలో. నవ్వు వచ్చింది. నవ్వు రాగానే తల కొంచెం తేలికపడింది. చెయ్యి మెల్లగా వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ వదిలాడు. కత్తి చేతికి వచ్చింది. గెల తొడిమ మీద దెబ్బ వేశాడు. గెల జారి కింద ధబ్బున పడింది. ఆ చప్పుడు విని ఎంత ఊపిరి పీల్చుకున్నాడో.

రెండో గెల కొయ్యబోతుండగా కింద విశాలాక్షమ్మ గారి మాట వినపడింది. అయ్యగారి భార్య. మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చినట్టున్నారు. పైకి మాటలు ఇంత స్పష్టంగా వినిపిస్తాయని కిందివాళ్ళకి తెలియదు. పుష్ప కాయలు పోగేస్తున్న చోట ఆగారు.

"ఏమే పుష్పా, అయితే సోమవారం నుంచి వస్తావా? చావిట్లో పేడా, పెరడు ఊడ్చడం, దూడల పనీ అంతా నీదే. తెల్లారేసరికి రావాలి."

"ఆయ్," అంది పుష్ప.

"మధ్యలో మళ్ళీ కాలేజీ, పరీక్షలూ అనవు కదా? అలా అయితే నాకు కుదరదే అమ్మాయ్, ముందే చెబుతున్నా."

"ఆయ్."

ఇశ్రాయేలు చేతిలో కత్తి ఆగిపోయింది. అదే అడగడం. అదే జవాబు. ఆ పిల్ల తల వంచుకుని, చేతిలో కాయ పట్టుకుని, ఆవిడ ముగించేదాకా నిలబడి ఉంది, తను నేర్పిన మర్యాదే, సుగుణ నేర్పిన మర్యాదే. ఆవిడ ముగించాక చెబుతుంది, లేదండి అమ్మగారు, నేను చదువుకుంటున్నానండి అని. కానీ ఆవిడ ముగించి వెనక్కి తిరిగేశారు. చెంబు పట్టుకుని వెళ్ళిపోతున్నారు. పుష్ప మళ్ళీ కాయల మీదికి వంగింది. ఇంకేమీ చెప్పలేదు. చెప్పదు, తలుపు ముందు నిలబడిపోయినవాడి కూతురు, ఏం చెబుతుంది. తల తిరుగుడు ఎటు పోయిందో పోయింది. మొవ్వులో మోకాళ్ళ మీద లేచి, మట్టలు పక్కకి తోసి, పుట్టి బుద్ధెరిగాక పెద్దల మధ్య ఎత్తని గొంతు ఎత్తాడు.

"కాదండీ అమ్మగారూ. మా పిల్ల ఒప్పుకోలేదండి. వింటన్నానని అందండి, అంతేనండి. దానికి మార్చిలో పరీచ్చలున్నాయండి. అది మానదండి. పనిలోకి రాదండి."

విశాలాక్షమ్మ గారు చెంబు పట్టుకునే పైకి చూశారు, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని. అయ్యగారు కుర్చీలోంచి లేచారు. ఇశ్రాయేలు గెల వదిలేసి దిగడం మొదలుపెట్టాడు. దిగుతుంటే కళ్ళు తిరగలేదు. ఛాతీ చెట్టుకి రాసుకుంటుంటే ఇన్నాళ్ళూ అక్కడ ఉన్న బరువేదో కొంచెం కొంచెం రాలిపోతున్నట్టు ఉంది. ఇంజనీరు జీపు వెళ్ళిపోకముందే తలుపు తోసినట్టుంది. ఎన్నాళ్ళకి చెప్పాడు, తన కోసం చెప్పుకోలేకపోయాడు, పోనీ, పిల్ల కోసం చెప్పాడు. అయ్యగారికి కోపం వస్తే వస్తుంది, కాళ్ళు పట్టుకుందాం, తోట ఉంచమని అడుగుదాం, మార్చి దాకా ఎలాగోలా.

నేల తగిలింది. బందం విప్పుకున్నాడు. పుష్ప కాయలు వదిలి దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల మొహంలో సంతోషం ఉంటుందనుకున్నాడు. లేదు. పరికిణీ అంచుకి చేతులు తుడుచుకుంటూ, నాన్న పాదాల మీద తాడు ఒరుసుకున్న చోట చూస్తోంది.

"భయపడకమ్మా. నువ్వన్న ఆయ్ అమ్మగారికి తప్పుగా వినపడింది. నేను చెప్పేశాను కదా," అన్నాడు.

"తప్పుగా ఏం వినలేదు నాన్నా. పని ఇమ్మని నేనే అడిగేను. కాలేజీ మానేసి చాన్నాళ్ళయింది," అంది పుష్ప, అయ్యగారికి వినపడకుండా గొంతు తగ్గించి. "గట్టు మీద నువ్వు కూలబడ్డం చూసేను. నువ్వింక చెట్టెక్కొద్దు."